పకోడీలు వెయ్యని వాన

వాన పడితే వేడివేడి పకోడీలు తినాలనిపిస్తుందని మొట్టమొదట రాసినవాడు తప్పకుండా మగవాడే అయివుంటాడు. తినాలనిపించడం రసికత. ఉల్లిపాయలు తరిగి, శనగపిండి కలిపి, మూకుడు ముందు నిలబడటం పని. ఈ రెండూ ఒకే యింట్లో, ఒకే సాయంత్రం, ఒకే వానకి జరుగుతాయి గాని ఒకే మనిషికి జరగవు. ఆయనగారు కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని "ఆహా, మట్టివాసన!" అంటారు. ఆవిడ ముక్కుకి తగిలేది నూనెవాసన. రెండో వాయి తీసి, చెయ్యి కడుక్కుని, తనూ కిటికీ దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసిపోయి వుంటుంది.

ఏ యింట్లో పెరిగిన ఆడపిల్లకైనా సరే, వానంటే చెవిన పడే మొదటి శబ్దం చినుకుల చప్పుడు కాదు. "బట్టలు! బట్టలు!" అనే కేక. ఆ కేకకి మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరుగెత్తేదెవరో మీకు నేను చెప్పక్కర్లేదు. బట్టల తరవాత వడియాలు, వడియాల తరవాత ఎండుమిరపకాయలు. ఆరని బట్టలకి హాల్లో అడ్డంగా ఒక తాడు. గుమ్మంలో గోనెపట్టా. ఆ పట్టాని శుభ్రంగా దాటుకుని నట్టింట్లోకి వచ్చేసిన బురదపాదాలు, ఆ పాదాల వెనక తడిగుడ్డ. ఆ గుడ్డ ఆరదు గనక దాని వాసన. మా అమ్మ తరం వాళ్ళకి వీటన్నిటి పైన తడిసిన కట్టెలు కూడాను. వాన రోజుల్లో ఊదుగొట్టంతో పొయ్యిలోకి ఊది ఊది ఆవిడ కళ్ళు చింతనిప్పుల్లా వుండేవి. డెబ్భై యెనిమిదేళ్ళు బతికింది. చేతిలో పని లేకుండా వానని చూస్తూ కూర్చున్న రోజు, నాకు తెలిసినంతలో, ఆవిడ జీవితంలో ఒక్కటి లేదు.

ఈ సోది అంతా ఎందుకంటే, కిందటేడు ఆగస్టులో, వరలక్ష్మీవ్రతం అయిన మూడో రోజున, నేనొక్కదాన్నే విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి అరకు కొండల్లోకి వెళ్ళి, మూడు రాత్రులు ఒక చిన్న టెంటులో వుండి వచ్చాను. మూడు రోజుల్లో రెండున్నర రోజులు వాన. తిరిగొచ్చాక నన్ను పలకరించిన వాళ్ళందరిదీ ఒకటే వరస. "అయ్యో పాపం, వానొచ్చి అంతా పాడు చేసిందట కదా!" అని కొందరు. "ఎలా సద్దుకున్నావే తల్లీ!" అని మరికొందరు. కాస్త చదువుకున్న వాళ్ళు మరో అడుగు ముందుకు వేసి, "పోన్లెండి, కష్టంలో కూడా ఆనందం వెతుక్కున్నారు" అని మెచ్చుకున్నారు కూడా.

నా తగాదా వీళ్ళతోనే. నేనేమీ వెతుక్కోలేదు. సద్దుకోనూ లేదు. సద్దుకోవడం అనేది మనకేమన్నా కొత్తవిద్యా, దానికోసం అరకు దాకా పోవడానికి? ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురికి సద్దుకున్నాం. కూర అయిపోతే పచ్చడి మెతుకులతో సద్దుకున్నాం. ఆడబిడ్డ పురిటికి వస్తే మన పరీక్ష మానుకుని సద్దుకున్నాం. ముప్ఫైయేళ్ళ కాపరాన్ని కాచి వడబోస్తే గిన్నె అడుగున మిగిలేది ఆ మాటే. అలాంటిది, బుద్ధి తెలిశాక మొట్టమొదటిసారి దేనికీ సద్దుకోకుండా గడిపిన రెండున్నర రోజుల్ని పట్టుకుని 'ఎలా సద్దుకున్నావు' అంటే నాకు ఒళ్ళు మండదూ?

అసలు వాన పొరపాటున రాలేదు. శ్రావణమాసంలో కొండలకి వెళితే వాన పడదని ఎవరనుకుంటారు? బంగాళాఖాతంలో అల్పపీడనం వుందనీ, ఓ మోస్తరు వానలు పడతాయనీ రేడియోలో విని మరీ సంచీ సర్దాను. తుఫాను అని వుంటే ఇల్లు కదిలేదాన్ని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో వున్నదాన్ని, వానకీ తుఫానుకీ తేడా నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇంక రెండో ప్రశ్న. ఇది వానకంటే పెద్దది. "ఒక్కదానివేనా?"

ఈ ప్రశ్నలో చిత్రం చూడండి. ఆడది ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదని ఎవరూ అనడం లేదు. ఆ రోజులు పోయాయి. కూతురి పురిటికి అమెరికా దాకా ఒక్కర్తినీ విమానమెక్కించి పంపుతారు. ఇంగ్లీషు ముక్క రాని అరవయ్యేళ్ళ ఆవిడ, మెడలో పేరు రాసిన అట్ట వేలాడేసుకుని, మూడు విమానాలు మారి వెళ్ళి ఆర్నెల్లు వండిపెట్టి వస్తుంది. అప్పుడు ఎవరికీ భయం వెయ్యదు. పెళ్ళికి, పురిటికి, తద్దినానికి, మొక్కుకి, ఆస్పత్రిలో కాపలాకి ఎంత దూరమైనా, ఎంత అర్ధరాత్రయినా ఒక్కదాన్నే వెళ్ళొచ్చు. వెళ్ళిన చోట ఎవరికో ఒకరికి పనికొస్తే చాలు. ఎవరికీ పనికిరాకుండా వెళతానంటేనే అందరికీ దొంగలూ, పాములూ, కాలం బాగాలేదన్న సంగతీ గుర్తొస్తాయి.

పోనీ, పతకం తెచ్చినా ఒప్పుకుంటారు. జపాను ఆవిడ జుంకో తబెయి 1975 మే 16న ఎవరెస్టు ఎక్కింది. ఆ శిఖరం ఎక్కిన మొదటి ఆడమనిషి. అప్పటికి ఆవిడకి ముప్ఫైయయిదేళ్ళు, ఇంట్లో మూడేళ్ళ పిల్ల. ఆడవాళ్ళ జట్టు కట్టి, ఖర్చులకి చందాలడగబోతే 'పిల్లల్ని పెంచుకోండమ్మా' అన్నారట. డబ్బు చాలక కార్ల సీట్ల కవర్లు కోసి నీళ్ళు దిగని చేతితొడుగులూ, సంచులూ కుట్టుకున్నారు. శిఖరం ఎక్కడానికి పన్నెండు రోజుల ముందు మంచుచరియ విరిగి వాళ్ళ టెంట్లని కప్పేస్తే, స్పృహ తప్పిన ఆవిడని షెర్పాలు బయటికి లాగారు. ఆ తరవాత ఎక్కింది. మన బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎక్కింది. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, పధ్నాలుగేళ్ళు నిండకుండానే, 2014 మే 25న ఎక్కింది. గురుకుల పాఠశాలలో చదువుకున్న పిల్ల. వీళ్ళకి దండలు వేశాం, వెయ్యాల్సిందే, నేనూ చప్పట్లు కొట్టాను. కాని ఒక్క మాట. ఆడది కొండమీద టెంటులో పడుకోవాలంటే లోకంలోకెల్లా ఎత్తయిన కొండే ఎక్కాలా? ఊరికే వెళ్ళి, ఊరికే పడుకుని, ఊరికే రాకూడదూ?

మగవాళ్ళకి ఈ హక్కు ఎప్పటినుంచో వుంది. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు చేసిందేమిటి? రామగిరి మీద ఒంటరిగా కూర్చుని, ఆషాఢంలో పట్టిన మబ్బుని చూసి, ఎవరూ అడక్కుండానే దానితో కబుర్లు మొదలెట్టాడు. శాపమే కావచ్చు, శిక్షే కావచ్చు. వానాకాలం, కొండ, ఒంటరితనం మూడూ దక్కాయి. దాన్ని విరహం అన్నాం, మహాకావ్యం అన్నాం. ఆ కొండమీద యక్షుడి బదులు యక్షుడి పెళ్ళాం కూర్చుని వుంటే మేఘం కూడా ఆగి, "ఎవర్నడిగి వచ్చావమ్మా?" అని వుండేది.

భద్రత సంగతి నేను తేలిగ్గా తీసెయ్యడం లేదు. భయం వుండాలి. కాని భయం చెప్పేవాళ్ళు లెక్క కూడా చూసి చెప్పాలి. మన దేశంలో ఆడవాళ్ళ మీద జరిగే నేరాల కింద నమోదయ్యే కేసుల్లో అన్నిటికంటే ఎక్కువ వాటా, 2022 లెక్కల ప్రకారం నూటికి 31, భర్తా, అతని బంధువులూ పెట్టే హింసవి. అవి అడవిలో జరిగినవి కావు, వంటిళ్ళలో, పడగ్గదుల్లో జరిగినవి. అంచేత టెంటు కోటలాంటిదని నేను అనను. 'ఇంటిపట్టున వుంటే ఏ భయమూ లేదు' అని మాత్రం నాకు చెప్పకండి. రాత్రి తొమ్మిదింటికి వానలో దీపం లేని బస్టాపు దగ్గర ఆఫీసునుంచి వచ్చే ఆడపిల్లలు గంటసేపు నిలబడుతున్నారు. ఆ బస్టాపులో దీపం పెట్టించమని ఏ పెద్దమనిషీ అర్జీ రాయలేదు. నా టెంటు గురించి మాత్రం మా అపార్టుమెంటులో నాలుగు రోజులు చర్చ జరిగింది.

నేను చేసిన జాగ్రత్త చెబుతాను. రిజర్వు అడవిలోకి దూరలేదు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ టెంటు వెయ్యడం నేరం కూడాను. అరకు దగ్గర ఒక ఊళ్ళో, ఒక రైతు పెరటి చివర, వాళ్ళ ఇంటి దీపం కనిపించే దూరంలో, రోజుకింత అని అద్దె ఇచ్చి వేసుకున్నాను. ఏ ఊరో, ఎవరి ఇల్లో మావారికీ, మా చెల్లెలికీ రాసిచ్చాను. సాయంత్రం ఆరింటికి ఫోను. అంతే. బావగారు చేసిన హెచ్చరికలు ఇంకా బోలెడు వున్నాయి గాని వాటిలో పనికొచ్చేది టార్చిలైటు ఒక్కటే.

ఇంక వాన సంగతి. వానలో టెంటులో వుండటం దేవుడి దయమీద ఆధారపడిన విషయం కాదు, ఇంటిపని తెలిసిన ఏ ఆడదానికైనా అరగంటలో వంటబట్టే విద్య. వాతావరణశాఖ వాళ్ళు ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీవర్షం అంటారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. నా టెంటు పరుపంత జాగా, మూడు చదరపు మీటర్లు. అంటే భారీవర్షం పడితే ఒక రోజులో దాని నెత్తిమీద దాదాపు 195 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెలతో పదమూడు బిందెలు. పదమూడు బిందెలు ఎటు పోతాయో ముందుగా చూసుకోవడమే ఇందులో కిటుకంతా. ఎత్తయిన చోట, కాస్త వాలు వున్న చోట వెయ్యాలి. పల్లంలో ముచ్చటైన పచ్చిక కనిపిస్తుంది, అక్కడ వెయ్యకూడదు. ఆ పచ్చిక అంత పచ్చగా వున్నది నీళ్ళు నిలిచే చోటు కాబట్టే. టెంటు కింద పరిచే పట్టా, టెంటు అంచు దాటి జానెడు కూడా బయటికి రాకూడదు. వచ్చిందంటే ఆ పదమూడు బిందెల్నీ అదే పట్టుకుని మన వీపు కిందికి చేరేస్తుంది. లోపలి గుడ్డా పై గుడ్డా ఒకదానికొకటి తగలకూడదు. పై గాలికంతలు మూసెయ్యకూడదు. మూస్తే మన ఊపిరి ఆవిరే తెల్లారేసరికి లోపల చినుకులై కారుతుంది, టెంటు కారుతోందని టెంటుని తిడతాం.

చెట్లు చూసుకోవాలి. ఎండుకొమ్మ వున్న చెట్టు కింద ఎంత నీడ వున్నా వద్దు. ఉరుములు దగ్గరికి వస్తే టెంటులో కూర్చోకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి, మూడు సెకండ్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినిపిస్తే లేచి పక్కా ఇంట్లోకి పోవడమే. మొదటి రాత్రి నేను రైతుగారి అరుగుమీద గంటన్నర కూర్చున్నాను, మళ్ళీ వచ్చి పడుకున్నాను. అన్నిటికంటే ముఖ్యం, వాగు పక్కన, ఏటి ఇసకలో ఎప్పుడూ వద్దు. మన నెత్తిన చినుకు పడకపోయినా పైనెక్కడో పడ్డ వాన, లేదా పైన వదిలిన నీళ్ళు, నిమిషాల్లో వచ్చేస్తాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన మన హైదరాబాదు ఇంజనీరింగు పిల్లలు ఇరవైనలుగురు, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళకి కొట్టుకుపోయారు. వాళ్ళు ఒంటరిగా వెళ్ళినవాళ్ళు కారు. గుంపుగా, తోడుతో, మనం చెప్పే జాగ్రత్తలన్నిటితో వెళ్ళినవాళ్ళే. నీటికి మాత్రం అవేవీ పట్టవు.

బట్టల విషయంలో మన నూలుచీరల మీద నాకెంత ప్రేమున్నా కొండమీద వాటికి నమస్కారం పెట్టాల్సిందే. తడిసిన నూలు ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తున విశాఖకంటే ఆరు డిగ్రీలు తక్కువ, ఆపైన ఈదురుగాలి. ఒక జత పొడిబట్టలు, ఉన్ని మేజోళ్ళు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి వుంచి, రాత్రి పడుకునేటప్పుడు తప్ప ముట్టుకోకూడదు. మడిబట్ట అనుకోండి, సరిపోతుంది. దోమల సంగతి మన్యం జ్వరం పేరు విన్న వాళ్ళకి వేరే చెప్పాలా? జాలీ జిప్పు సాయంత్రం అయిదింటికే వేసెయ్యాలి. తిరిగొచ్చాక నెలరోజుల్లో జ్వరం తగిలితే 'వానలో తడిశాను, అదే పోతుంది' అనుకోకుండా ఆ రోజే మలేరియాకి రక్తపరీక్ష చేయించుకోవాలి.

పొయ్యి తీసుకెళ్ళలేదు. టెంటులో పొయ్యి వెలిగిస్తే విషవాయువుతో ప్రాణానికే ముప్పు, అది ఒక కారణం. అసలు కారణం వేరే. ముప్ఫైయేళ్ళ నుంచి వెలిగిస్తున్నాను, మూడు రోజులు వెలిగించదల్చుకోలేదు. కుచేలుడిలాగా అటుకుల మూట కట్టుకున్నాను. బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు, మినపసున్ని వుండలు, నిమ్మకాయ ఊరగాయ. టీ మాత్రం పొద్దున్నే గొడుగేసుకుని ఊళ్ళో కొట్టుకి వెళ్ళి ఫ్లాస్కులో పోయించుకునేదాన్ని. ఆ కొట్టులో అప్పుడే వేసిన పకోడీలు వున్నాయి. కొనలేదు. పంతమే.

మరి ఆ రెండున్నర రోజులూ ఏం చేశావు, తోచిందా, అంటారు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు నన్ను ఎప్పుడూ ఖాళీగా చూసివుండరు. తోచకపోవడానికి ఓ అలవాటుండాలి. మొదటి రోజు చేతులు ఊరుకోలేదు, నిజమే. సంచీలో సామానంతా తీసి మళ్ళీ సర్దాను. తువ్వాలు నాలుగు మడతలు పెట్టాను. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎవరో అన్నం పెట్టమంటారేమోనని చెవులు రిక్కించుకున్నాను. ఎవరూ అనలేదు. ఒంటిగంటకి గుప్పెడు అటుకులు నమిలి పడుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి, జ్వరం లేకుండా, పురుడు కాకుండా పడుకోవడం ఎంత విచిత్రమో మీకు తెలుసు.

రెండో రోజు వాన విన్నాను. వినడం అంటే నిజంగా వినడం. గుడ్డ పైకప్పు మీద, చెవికి మూరెడు ఎత్తున. మనకి తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత అని ఇన్ని మాటలెందుకున్నాయో అప్పుడు తెలిసింది. తుంపర మీగడ మీద చెయ్యి ఆడించినట్టుంటుంది. జల్లు వస్తుంటే ముందు ఎదురుకొండమీద సిల్వర్ ఓక్ చెట్ల మీద వినిపించి, వాటికింద కాఫీతోటలోకి దిగి, ఆ తరవాత మన దగ్గరికి వస్తుంది. ముసురుకి శబ్దం లేదు, ఆకుల చివర్ల నుంచి పడే నీళ్ళచుక్కలదే శబ్దం. జడివాన పడుతుంటే ఇంక దేన్ని గురించీ ఆలోచించడానికి వుండదు. ఇంట్లో యాభైమూడేళ్ళు వాన కింద వున్నాను గాని ఇవేవీ విడివిడిగా వినలేదు, నా చెవులు కుక్కరు విజిలు లెక్కపెట్టడంలో వుండేవి కాబోలు.

జడ వేసుకోలేదు. పుస్తకం తీసుకెళ్ళాను, ఇరవై పేజీలు చదివి మూసేశాను. మా అమ్మని తలుచుకుని కాసేపు ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు, ఆపమని ఎవరూ అనలేదు, కళ్ళు తుడుచుకుని ఎవరికీ కాఫీ కలపాల్సిన పని లేదు. అంచేత ఏడుపు దానంతటదే, దాని టైముకి ఆగింది. ఇందులో మహానందం వుందని నేను చెప్పడం లేదు. కాళ్ళు చల్లబడ్డాయి, నడుం పట్టేసింది, ఒక మూల గుడ్డ చెమ్మగిల్లింది. అయినా ఆ చెమ్మ నాది. దాన్ని తుడవనూ వచ్చు, ఊరుకోనూ వచ్చు. ఊరుకున్నాను.

ఇక్కడ మరో ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. వానలో తడవడం ఎవరికి వినోదం, ఎవరికి బతుకు అని. న్యాయమైన మాటే. ఆ రోజుల్లోనే చుట్టూ నాట్లు పడుతున్నాయి. రైతుగారి భార్య తెల్లారుతూనే గిడుగు తలమీద పెట్టుకుని మడిలోకి దిగితే, మళ్ళీ నడుం ఎత్తేసరికి మధ్యాహ్నం. ఆ ఆడవాళ్ళకి జలుబు చేస్తుందని, కాలం బాగాలేదని ఏ బావగారూ చెప్పరు. వాళ్ళు నాటిన బియ్యం తిని, ఆడవాళ్ళు వానకి ఓర్వలేరని మనం ఉపన్యాసాలిస్తాం. రెండో సాయంత్రం ఆవిడ మోకాళ్ళదాకా బురదతో నా టెంటు ముందు ఆగి, జిప్పులోంచి తొంగిచూసి, "ఏటమ్మా, ఇంటికాడ గొడవాడి వచ్చీసినావేటి?" అంది. విశాఖలో మావాళ్ళంతా నాజూగ్గా అడిగిన ప్రశ్నే. ఈవిడ ఉన్నమాట అడిగేసింది. లేదమ్మా, ఊరికే వచ్చానన్నాను. "ఊరికేనా!" అని, ఓ క్షణం ఆలోచించి, నవ్వింది. ఎగతాళి నవ్వో, మరోటో నేను తేల్చుకోలేకపోయాను. "మరైతే కూకో" అని వెళ్ళిపోయింది. ఆవిడకి కావలసింది టెంటు కాదు, ఒక రోజు మడిలోకి దిగకుండా అరుగుమీద కూర్చోవడం. ఆ రోజు ఆవిడకి ఎవరిస్తారో నాకు తెలీదు, నా అద్దె డబ్బుతో రాదన్నది తెలుసు. కాని ఆవిడకి లేదు గనక నేను కూడా మానుకుని ఇంట్లో మూకుడు ముందు నిలబడితే, ఆ మానుకున్నది ఆవిడకి చేరదు. మా ఇంట్లో వాళ్ళకి చేరుతుంది, పళ్ళెంలో.

మావారి గురించి కూడా ఒక మాట, అన్యాయం చెయ్యకూడదు కదా. ఆయన వద్దనలేదు. ఆయనకున్న అనుమానం ఒకటే, రేషను బియ్యం డబ్బాకీ దోసెల బియ్యం డబ్బాకీ తేడా ఏమిటని. నేను రైలెక్కాక ఫోను చేసి అడిగారు. వాసన చూసి తెలుసుకోమన్నాను. తెలుసుకున్నారు. మా విశాఖలోనూ ఆ మూడు రోజులూ వాన పడిందట. బట్టలు తడిసాయి, మళ్ళీ ఉతుక్కున్నారు. పకోడీల ప్రసక్తి నేను తేలేదు, ఆయనా తేలేదు.

తిరిగొచ్చాక టెంటు మేడమీద ఆరేశాను. తడిది మడతపెడితే నాలుగు రోజుల్లో బూజుపట్టి, కుట్లు చివికిపోతాయి. ఎండలో కాదు, నీడలో, గాలికి ఆరాలి. మూడో అంతస్తు పిన్నిగారు అప్పడాలు ఎండబెట్టడానికి వచ్చారు. అరవై యెనిమిదేళ్ళావిడ. టెంటు చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి, గుడ్డ పట్టుకుని చూసి, వంగి లోపలికి తొంగిచూశారు.

"మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇందులోకి దూరగలరా?"

"పాకుతూ దూరాలి పిన్నిగారూ."

"దూరొచ్చు" అన్నారు కాసేపాగి. "కార్తీకంలో ఒకసారి అడుగుతాను. ఇస్తావా?"

ఇస్తాను గాని తిరిగిచ్చేటప్పుడు బాగా ఆరబెట్టి ఇవ్వాలన్నాను.

"ఆరబెట్టడం నాకు నువ్వు నేర్పుతావుటే!" అన్నారు పిన్నిగారు.